కంప్యూటర్ ముచ్చట్లు: నవీకరణ తరువాత తెరుచుకోని లినక్స్

ఈ మాసపు ప్రశ్న సెక్టర్ 2 నుండి వచ్చింది. పదవీ విరమణ చేసిన ఒక మిత్రుని ఇంటి కంప్యూటరులో లినక్స్ ఉన్నది. డిస్కులోని సమాచారమంతా గూఢీకరించబడి ఉన్నది. రాత్రి నవీకరణ ముగించి విశ్రమించారు. తెల్లవారి మీట నొక్కగా, ఎప్పటివలె సంకేతపదం అడగడానికి బదులు నల్లని తెరపై ‘ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్’ అన్న ఒక్క మాట నిలిచింది. మరమ్మతు దుకాణంవారు ఫార్మాట్ చేయడం తప్ప గత్యంతరం లేదన్నారట. ఆ డిస్కులో కుమార్తె వివాహపు ఛాయాచిత్రాలు, పెన్షను కాగితాల ప్రతులు ఉన్నాయి. వాటికి మరొక నకలు లేదు.

ఇటువంటి స్థితిలో సమాచారం సాధారణంగా భద్రంగానే ఉంటుందని పాఠకులు మొదట గ్రహించాలి. తొందరపడి ఫార్మాట్ చేస్తేనే అది నిజంగా పోతుంది.

లినక్స్‌లో ఈ గూఢీకరణ పద్ధతికి ‘లక్స్’ అని పేరు. 2004 నాటి ఈ ఏర్పాటుకు స్నానపు సబ్బుతో ఏ బంధుత్వమూ లేదు. డిస్కు తాళం వేసి ఉన్నందున, దానిని తెరిచే సాధనాలు తాళం వెలుపలే ఉండాలి కదా! అందుకని ‘బూట్’ అనే చిన్న భాగంలో కెర్నెల్‌తోపాటు ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ అనే మూటను ఉంచుతారు. కట్టడానికి పరంజా ఎటువంటిదో వ్యవస్థకు ఇది అటువంటిది. సంకేతపదం అడిగేది ఇదే. క్రొత్త కెర్నెల్ వచ్చినప్పుడు ఈ మూటను కూడా క్రొత్తగా కట్టాలి. పాత కెర్నెళ్లు పేరుకొని బూట్ భాగం నిండిపోతే ఆ పని మధ్యలో ఆగిపోతుంది. కొన్నిసార్లు తాళం తెరిచే ‘క్రిప్ట్‌సెటప్’ సాధనమే మూటలో చేరదు.

కంప్యూటర్ ఆరంభమయ్యేటప్పుడు ‘గ్రబ్’ పట్టికలోని ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లోకి వెళ్లి పాత కెర్నెల్‌ను ఎన్నుకొనడం మొదటి ప్రయత్నం. మా మిత్రుని యంత్రం ఇక్కడే దారికి వచ్చింది. తెరుచుకున్న వెంటనే ముఖ్యమైన ఫైళ్లను వేరొక డిస్కులోకి ఎక్కించి, ఆపైననే మరమ్మతు తలపెట్టాలని మా గట్టి సలహా. బూట్ భాగంలో చోటు చూసి, పనిచేస్తున్న కెర్నెల్‌ను మాత్రం ముట్టకుండా అనవసరమైన పాతవాటిని తొలగించి, ఉబుంటు, డెబియన్‌లలో ‘అప్‌డేట్-ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్’ ఆదేశంతో మూటను తిరిగి కట్టించాలి. ఫెడోరాలో ఆ పని ‘డ్రాకట్’ చేస్తుంది.

పాత కెర్నెల్ కూడా మొరాయిస్తే లినక్స్ ఉన్న పెన్ డ్రైవుతో యంత్రాన్ని ఆరంభించి, క్రిప్ట్‌సెటప్‌తో డిస్కును తెరిచి చూడాలి. సంకేతపదం అక్కడ చెల్లితే సగం బెంగ తీరినట్లే. తరువాత ‘క్రూట్’ పద్ధతిలో అసలు వ్యవస్థలోనికి ప్రవేశించి మూటను పునర్నిర్మించవచ్చు. ఇక్కడ అనుభవజ్ఞులు సైతం తడబడే సూక్ష్మం ఒకటి ఉన్నది. తెరిచిన డిస్కుకు ‘క్రిప్ట్‌ట్యాబ్’ ఫైలులో ఉన్న పేరునే పెట్టాలి. పేరు మారితే క్రొత్త మూట కూడా తాళం సంగతి ఎరుగక మళ్లీ ఆ నల్ల తెరనే చూపుతుంది.

నవీకరణకు, తాళానికి మధ్య చిక్కు లినక్స్‌కే పరిమితం కాదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థవారి లోపభూయిష్టమైన నవీకరణ వలన సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు స్తంభించాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేతితో వ్రాసి ఇచ్చారు. లోపమున్న ఫైలును తొలగించడం స్వల్పమైన పనే. కాని బిట్‌లాకర్‌తో గూఢీకరించిన యంత్రాలలో ఆ ఫైలును చేరడానికి తరచు 48 అంకెల పునరుద్ధరణ సంఖ్య కావలసి వచ్చింది.

లక్స్ వాడే పాఠకులు పదిలపరచుకోవలసినవి రెండు: సంకేతపదం, డిస్కు ఆరంభంలో ఉండే ‘హెడర్’ నకలు. అసలు తాళపుచెవి ఆ హెడర్‌లోనే గూఢీకరించబడి ఉంటుంది. హెడర్ చెరిగిపోతే సంకేతపదం గుర్తున్నా ప్రయోజనం లేదు. ‘లక్స్‌హెడర్‌బ్యాకప్’ ఆదేశంతో దాని నకలు తీసి వేరొక పెన్ డ్రైవులో ఉంచుకోవచ్చు. అయితే తరువాత సంకేతపదం మార్చినా, పాత నకలుకు పాత సంకేతపదమే చెల్లుతుంది. కనుక మార్చిన రోజే క్రొత్త నకలు తీసి, పాతదానిని చెరిపివేయగలరు.