చెత్తకుప్ప కింద నీళ్లు

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. అందుకే కాబోలు, పొద్దున్నే ఇల్లూడ్చి, చెత్త బండివాడికి ఇచ్చేస్తే మన పని అయిపోయిందనుకుంటాం. ఆ బండి ఎక్కడికి పోతుందో అడగం. ఊరి చివర డంపింగ్ యార్డుకు పోతుంది. అక్కడ సరైన కట్టుదిట్టాలు లేకపోతే, మనం పారేసింది నేలలోకి దిగి, చుట్టుపక్కల ఆడవాళ్ల బిందెల్లోకి వస్తుంది.

ఎలాగంటారా? కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, ఎంగిలి విస్తళ్లు అక్కడ కుప్పగా కుళ్లుతాయి. వాటిమీద వాన పడితే, ఫిల్టర్లోంచి డికాక్షన్ దిగినట్టు నల్లటి ఊట దిగుతుంది. పాత బ్యాటరీల్లాంటివి కలిసి ఉంటే వాటిలోని లోహాలూ అందులోకి చేరతాయి. కింద అడ్డు లేకపోతే అదంతా భూగర్భజలంలోకే.

హైదరాబాదు శివార్లలోని జవహర్‌నగర్ సంగతే చూడండి. మహానగరం చెత్తను ఏళ్ల తరబడి అక్కడ గుట్టలుగా పోశారు. ఆ ఊట పక్కనున్న మల్కారం చెరువును పాడుచేసింది. తర్వాత గుట్టను కప్పారు. 2023లో ఊటను శుద్ధి చేసే కేంద్రం ప్రారంభించారు. మంచిదే. కానీ చెరువు చెడిపోకముందే చేయాల్సిన పని కదా అది!

చట్టం లేక కాదు. అల్మిత్రా పటేల్ అనే మహిళా ఇంజనీరు 1996లో ఈ చెత్త సమస్యమీద సుప్రీంకోర్టుకెక్కారు. ఆ తర్వాతే 2000లో నియమాలు వచ్చాయి. 2016 నాటి నియమాలు మరింత వివరంగా చెప్పాయి. చెత్త పూడ్చే చోటు చెరువుకు, ఇళ్లకు, మంచినీటి బావులకు 200 మీటర్లు, నదికి 100 మీటర్లు దూరం ఉండాలన్నాయి. అడుగున బంకమన్ను, దానిమీద మందపాటి ప్లాస్టిక్ షీటు పరచాలన్నాయి. వేసవిలో, వానల్లో, వానలు వెలిశాక భూగర్భజలాన్ని పరీక్షించాలన్నాయి. మూసేశాక కూడా కనీసం 15 ఏళ్లు కనిపెట్టుకుని ఉండాలన్నాయి.

వీటన్నిటిలో నాకు ముఖ్యమనిపించేది నీటి పరీక్ష. చెడ్డ నీళ్లు ఎప్పుడూ రంగు మారి, కంపుకొట్టి, చెప్పి రావు. 'మేం కాచే తాగుతాంలెండి' అంటారు చాలామంది. కాస్తే క్రిములు చస్తాయి నిజమే. లోహాలు, నైట్రేటు పోవు సరికదా, నీరు ఇగిరేకొద్దీ చిక్కబడతాయి. నైట్రేటు ఎక్కువున్న నీళ్లతో డబ్బాపాలు కలిపి పడితే పసిబిడ్డ రక్తం ఆక్సిజన్‌ను సరిగా మోయలేదు. ఒళ్లు నీలం తిరుగుతుంది. అందుకే తాగేనీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం.

ఈ అంకె ముందు తెలియాల్సింది బిందె మోసే మనిషికి. పరీక్ష ఫలితం ఫైల్లో పడుంటే ఎవరికి లాభం? దాన్ని తెలుగులో రాసి వార్డు ఆఫీసు గోడకు అంటించాలంటాను నేను.

తడి చెత్త వేరు చేద్దాం. పెరట్లోనో కుండీలోనో ఎరువు చేద్దాం. తడి తగ్గితే ఊటా తగ్గుతుంది. కానీ శుభ్రత బాధ్యతంతా మన చీపురు మీదే పెట్టి, నియమాలను బీరువాలో పెట్టుకుంటామంటే ఒప్పుకోకూడదు. 2005 నుంచి సమాచార హక్కు చట్టం ఉంది. మహిళా సంఘం తరఫున పదిమంది సంతకాలతో మునిసిపాలిటీకో, కాలుష్య నియంత్రణ మండలికో వెళ్లండి. ఒక్కటే అడగండి: "డంపు పక్కన బోరు నీళ్లు చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? ఆ కాగితం చూపించండి."