కోత పండుగ పంక్తిలో ఏం వడ్డిద్దాం?

వానాకాలపు వరి ఇంటికి చేరే రోజుల్లో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సంఘాల్లో కోత పండుగ సందడి మొదలవుతుంది. ఒకరు వరి కంకులు, ఒకరు గుమ్మడికాయ, ఒకరు సొరకాయలు, ఒకరు కోడిపుంజు తెచ్చి అర్పిస్తారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తాం. తర్వాత ప్రేమవిందు: బగారన్నం, మాంసం కూర, డబల్ కా మీఠా. అన్ని కాయగూరలు గుడిలోకి వచ్చిన రోజునే విస్తరిలో ఒక్క కూరగాయ ముక్క కనబడకపోవడం మాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

యూదుల పర్ణశాలల పండుగ కూడా కళ్లం పని ముగిశాక వచ్చేదే. లేవీయకాండము 23వ అధ్యాయంలో దాని విధి చదువుతాం. ఏడు రోజులు కొమ్మల పందిట్లో భోంచేస్తారు. పంట సమృద్ధికి గుర్తుగా చాలా ఇళ్లలో క్యాబేజీ ఆకుల్లో, కాయల్లో కూరి వండుతారు. గుత్తి వంకాయ, కూరిన కాకరకాయ తెలిసిన మనకు ఇదేమీ కొత్త కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో యూదుల పండుగలు ఆచరించే తెలుగు కుటుంబాలే ఉన్నాయి.

అందుకే మా మాట ఇది. ధాన్యం, కోళ్లు వేలం వేయండి, సంఘానికి డబ్బు కావాలి, కాదనం. కూరగాయలు మాత్రం శనివారం సాయంత్రమే తెప్పించి పొయ్యి దగ్గరికి పంపండి. గుమ్మడికాయ పులుసు, సొరకాయ పప్పు, గుత్తి వంకాయ చేయండి. విస్తరిలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనలు చెబుతున్నాయి. మిల్లుల ప్రాంతం కదా, మల్లెపూవులాంటి తెల్లన్నం గుట్టగా పెట్టకపోతే పరువు తక్కువ అనుకుంటాం. మన తాతలు జొన్నరొట్టెతోనే పండుగ చేసుకున్నారు. మాంసం మానమనడం లేదు, నూనె తగ్గించండి. రోజుకు ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను దాటకూడదు. పచ్చడి రెండోసారి వడ్డించకండి.

మమ్మల్ని ఎక్కువగా భయపెట్టేది తిండి కాదు, ఆలస్యం. పొద్దున్నే షుగరు మాత్ర వేసుకొని, ఆరాధన, వేలం ముగిసేవరకు ఖాళీ కడుపుతో కూర్చున్న పెద్దలకు చెమటలు పట్టి, వణుకు వచ్చి, కళ్లు తిరుగుతాయి. అది షుగరు పడిపోవడం. వెంటనే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకురండి. "ఈ పూట తిందాం, రేపు మాత్ర ఎక్కువ వేసుకుందాం" అనేవారూ ఉన్నారు. దయచేసి అలా చేయకండి.

వేలం మధ్యలో ఉన్నా సరే, షుగరు ఉన్నవారికి, గర్భిణులకు, ముసలివారికి ఒంటిగంటకల్లా మొదటి పంక్తి వేయమని పాస్టర్లను, సంఘపెద్దలను కోరుతున్నాం.