అత్త మీద కోపం డ్రైవరు మీద

లినక్సు లాగ్‌లో "నెట్‌డెవ్ వాచ్‌డాగ్... ట్రాన్స్‌మిట్ టైమ్డ్ అవుట్" అని కనబడగానే మనవాళ్ళు ఇచ్చే తీర్పు ఒక్కటే: డ్రైవరు చెత్త, కార్డు మార్చెయ్యి. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకిని.

అసలు జరిగేదేమిటి? పంపాల్సిన పాకెట్లని డ్రైవరు ఒక వరసలో పెడుతుంది. కార్డు వాటిని పంపేసి, పనైందని ఇంటరప్టుతో చెప్పాలి. వరస నిండిపోయి, మామూలుగా ఓ 5 సెకన్లపాటు కదలిక లేకపోతే కాపలా కుక్క మొరుగుతుంది, కార్డు రీసెట్ అవుతుంది. దొంగ ఎవరో కుక్కకీ తెలీదు! ఇంటరప్టు దారి తప్పి ఉండొచ్చు. అవతలి స్విచ్చి పాజ్ ఫ్రేములతో నోరు నొక్కేసి ఉండొచ్చు. ఇంటెల్ 82574ఎల్ చిప్పు అయితే ఏఎస్‌పీఎమ్ అనే కరెంటు పొదుపు ఏర్పాటుతోనే పేచీ పెట్టేది.

ఈ మధ్య ఓ క్లయింటు దగ్గర రెండు కార్డులు మార్చారు. మూడోదీ అదే పాట. ఇంటరప్టుల లెక్క చూస్తే (లినక్సులో ప్రాక్ కింద ఇంటరప్ట్స్ ఫైలు, ఫ్రీబీఎస్‌డీలో వీఎమ్‌స్టాట్ -ఐ) అంకె కదలట్లేదు. బయోస్ అప్‌డేట్ చేస్తే వదిలింది. కార్డుల డబ్బు ఎవరిస్తారు మరి?

ఇంతకన్నా పెద్ద ఉదాహరణ 2008 నాటిది. లినక్సు 2.6.27 ఇంకా పరీక్షల్లో ఉండగా కొందరి ఇంటెల్ కార్డుల్లోని శాశ్వత మెమొరీ చెరిగిపోయి, కార్డులు పనికిరాకుండా పోయాయి. ఇంటెల్ ప్రధాన కార్యాలయం నేనుండే శాంటా క్లారాలోనే. అందరి వేలూ వాళ్ళ ఈ1000ఈ డ్రైవరు వైపే. చివరికి తేలిందేమిటంటే, దొంగ ఎఫ్‌ట్రేస్! కెర్నెల్లో ఏ ఫంక్షను ఎప్పుడు నడిచిందో చూపించే పనిముట్టది. దానికీ నెట్‌వర్కుకీ సంబంధమే లేదు. ఒకప్పుడు మాడ్యూలు కోడు ఉండి ఖాళీ అయిన చిరునామాలు తర్వాత కార్డు మెమొరీకి దక్కాయి. ఎఫ్‌ట్రేస్ పాత జాబితా పట్టుకుని అక్కడే రాసేసింది, ఖాళీ చేసిన అద్దింటికి వెళ్ళి సున్నం కొట్టినట్టు.

సోర్సు అందరి ముందూ ఉండబట్టి నెట్‌వర్కు కేసు ట్రేసింగు దాకా వెళ్ళింది. లేకపోతే డ్రైవరు మీదే ఫైలు మూసేసేవారు. అక్టోబరులో వచ్చిన 2.6.27.1లో డైనమిక్ ఎఫ్‌ట్రేస్‌ని ఆపేశారు. అన్నట్టు, అసలు దొంగ దొరక్కముందే డ్రైవరు రాసేవాళ్ళు ఆ మెమొరీకి తాళం వేసే కోడు చేర్చేశారు.