కల్లం చుట్టూ కంచె కావాలి, కరెంటు ఉచ్చు వద్దు

మొన్న మీటింగులో ఒక మాట వచ్చింది. "ఎలుగుల బాధ తప్పాలంటే తునికాకు కల్లం చుట్టూ లైను నుంచి ఒక తీగ లాగితే సరిపోదా?" అని. అప్పుడు వద్దని మాత్రమే అన్నాను. ఎందుకు వద్దన్నానో ఇప్పుడు వివరంగా రాస్తున్నాను. కొంచెం పొడుగైనా చివరిదాకా చదవండి.

సిరోంచా, అంకీసా, ఆసరల్లి, జింగానూరు వైపు మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు, మే నెలలో తునికాకు. మనం పువ్వు ఏరే చెట్టు కిందికే గుడ్డేలుగూ వస్తుంది. తునికి పండంటే దానికీ ఇష్టమే. ఆకు ఎండే రోజుల్లో కాపలావాళ్లు, కూలీలు కల్లం దగ్గరే ఆరుబయట పడుకుంటారు. భయం నిజమే, కాదనను.

కానీ లైను కరెంటు కంచె కాదు, ఉచ్చు. 230 వోల్టులు ఆగకుండా పారుతుంటే కండరాలు బిగుసుకుపోతాయి, పట్టుకున్న చెయ్యి వదలదు, గుండె ఆగిపోతుంది. మన అవతలి ఒడ్డున, భూపాలపల్లి జిల్లా కాటారం మండలంలో, 2024 ఫిబ్రవరిలో ఇలాంటి తీగే తగిలి అడవిలో కూంబింగ్‌కు వెళ్లిన గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ చనిపోయాడు. ఆ తీగ పెట్టింది జంతువుల కోసం. తీగకు మనిషేదో మృగమేదో తెలియదు. రేపు రాత్రి ఒంటికి లేచిన మన కూలీ దాని మీద పడితే ఎవరిని అడుగుతాం?

సోలార్ కంచె పని చేసే తీరు వేరు. బ్యాటరీకి తగిలించిన చిన్న యంత్రం దాదాపు సెకనుకు ఒకసారి దెబ్బ వదులుతుంది. వోల్టేజీ వేలల్లో ఉన్నా ఆ దెబ్బ సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. తగిలినవాడు ఎగిరి వెనక్కి పడతాడు, అతుక్కుపోడు. అలస్కా అడవుల్లో గుడారాలు వేసుకునేవాళ్లు ఇలాంటి కంచెనే మడిచి సంచిలో పెట్టుకుని వెళ్తారు, రాత్రికి గుడారం చుట్టూ కట్టుకుంటారు. మన కల్లానికీ అదే సరిపోతుంది. సీజన్ అయ్యాక విప్పి దాచుకోవచ్చు.

అయితే కొని పడేస్తే పని చేయదు. గుడ్డేలుగు ఒంటినిండా దట్టమైన జుట్టే. దెబ్బ ముక్కుకు తగలాలి. అందుకే కింది తీగ నేలకు జానెడు ఎత్తులోనే ఉండాలి, దాని పైన మోకాలి ఎత్తున ఒకటి, నడుము ఎత్తున ఒకటి. మే నెలలో నేల ఎండి ఉంటుంది కాబట్టి ఎర్త్ కడ్డీ లోతుగా దించి, చుట్టూ రోజూ నీళ్లు పోయాలి. తీగకు గడ్డి తగలకుండా కోయాలి. ఇప్పపువ్వు, బెల్లం, తిండి మూటలు కంచె బయట వదలొద్దు.

ఇది అన్నిటికీ మందు కాదు. ఆకు కోసేటప్పుడు, పువ్వు ఏరేటప్పుడు ఎదురుపడే ఎలుగును ఏ కంచే ఆపదు. దానికి తెల్లవారాక వెళ్లడం, గుంపుగా మాట్లాడుకుంటూ వెళ్లడమే దారి. కంచె కాపాడేది పడుకున్న మనిషిని.

డబ్బు మాటకొస్తే, పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక మన జిల్లాలో చాలా గ్రామసభలు తునికాకు తామే అమ్ముకుంటున్నాయి. ఆ ఆదాయంలోంచి కల్లానికి ఒక కంచె కొనడం పెద్ద భారం కాదు. పొలాల సోలార్ కంచెలకు అటవీ శాఖ జన వన వికాస్ యోజనలో రాయితీ ఉంది. కల్లాలకూ ఇవ్వమని మన సంఘం తరఫున అర్జీ పెడదాం.

నా ప్రతిపాదన రెండు ముక్కల్లో: వచ్చే సీజన్‌కు ముందే ప్రతి గ్రామసభ ఒక కంచె కొనాలి. లైను నుంచి తీగ లాగిన కల్లానికి మన సంఘం మనిషి ఎవరూ పనికి పోకూడదు. ఒప్పుకోనివాళ్లు మొహమాటపడకుండా కింద రాయండి. వచ్చే మీటింగులో తేల్చుకుందాం.