రీడింగుకు వెల కట్టే ముందు

భిలాయ్‌లో ఇన్సెంటివ్ అంటే ఏమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఉత్పత్తి పెరిగితే జీతంలో నాలుగు రాళ్లు ఎక్కువ పడతాయని స్టీల్ ప్లాంటులో పనిచేసిన ప్రతి ఇంటికీ తెలుసు. ఎన్ని టన్నుల పట్టాలు వచ్చాయో కాటా చెబుతుంది, పేచీ ఉండదు. ఇప్పుడు అదే పద్ధతి ఆరోగ్య సబ్‌సెంటర్ గడప దాకా వచ్చింది. 2018 ఏప్రిల్ 14న మన ఛత్తీస్‌గఢ్‌లోనే, బీజాపూర్ జిల్లా జాంగ్లాలో, ఆయుష్మాన్ భారత్ తొలి హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్ మొదలైంది. ఇలాంటి సెంటర్లలోని కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్‌కు జీతం కాక, పనితీరును బట్టి నెలకు గరిష్ఠంగా రూ.15,000 ఇవ్వాలన్నది కేంద్రం నిబంధన. ఓపీ ఎంత, బీపీ, షుగర్ రోగులెందరు మళ్లీ వచ్చారు, గర్భిణుల పరీక్షలెన్ని అంటూ లెక్క చూస్తారు.

ఈ ఆలోచనను నేను సమర్థిస్తాను. మనసు పెట్టి చూసేవాళ్లనూ మొక్కుబడిగా చూసేవాళ్లనూ ఒకే గాట కట్టడం అన్యాయం. అయితే దేనికి డబ్బిస్తున్నామో, ఎవరు కొలుస్తున్నారో తేలకుండా ఇస్తే ఎంత ప్రమాదమో ఛత్తీస్‌గఢ్‌కు తెలిసినంతగా మరొకరికి తెలియదు. 2014 నవంబరు 8న బిలాస్‌పూర్ దగ్గరి శిబిరంలో ఒకే సర్జన్ కొన్ని గంటల్లో 83 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఆ రోజుల్లో జరిగిన శిబిరాల్లో కనీసం 13 మంది చనిపోయారు. తప్పు మందులదా, ఇన్ఫెక్షన్‌దా అన్న వాదన చాలాకాలం నడిచింది. అది ఎటు తేలినా ఒకటి మాత్రం నిజం. ఆపరేషన్ చేసినవారికీ, మహిళలను తీసుకొచ్చిన కార్యకర్తకూ కేసుకింత అని రేటు ఉంది. చేతులు కడుక్కోవడానికి, పరికరాలు శుభ్రం చేయడానికి పట్టే నిమిషాలకు రేటు లేదు.

బ్రిటన్ ఇంతకంటే జాగ్రత్తగా అడుగేసింది. 2004లో అక్కడి కుటుంబ వైద్యులకు 146 సూచికలు పెట్టి, ఆదాయంలో దాదాపు పాతిక శాతాన్ని వాటికి ముడిపెట్టారు. షుగర్, ఉబ్బసం రోగుల సంరక్షణ మొదట్లో వేగంగానే మెరుగుపడింది. లక్ష్యాలు అందాక ఆ ఊపు తగ్గిందనీ, డబ్బు రాని పనులు కొన్ని వెనకబడ్డాయనీ, రోగికి ఎప్పుడూ చూసే డాక్టరే దొరకడం తగ్గిందనీ 2009లో వెలువడిన అధ్యయనం తేల్చింది. స్కాట్లాండ్ 2016లో ఆ పథకాన్నే వదులుకుంది.

ఎప్పుడూ చూసే మనిషి దూరమైతే ఏం పోతుందో భిలాయ్ ఖుర్సీపార్‌లో స్థిరపడ్డ శ్రీకాకుళం పెద్దవాళ్లను అడగాలి. ఎండలో నడిచొచ్చిన పెద్దాయన చేతికి పట్టీ చుడితే 148/92 వచ్చిందనుకుందాం. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ కొలవాలి, మాత్రలు ఎందుకు మానేశారో తెలుగూ హిందీ కలిసిన ఆయన మాటల్లోనే వినాలి. బయట క్యూ ఉంది. 138/88 అని రాసేస్తే 140/90 గీత దాటనట్టే, నెలాఖరు లెక్కలో ‘కంట్రోల్’ కింద చేరినట్టే. రాసినవాళ్లకు అది చిన్న సర్దుబాటు. కానీ ఆ అంకెను చూసి డాక్టరు మందు పెంచరు. పక్షవాతం వచ్చి సెక్టార్-9 ఆసుపత్రికి మోసుకెళ్లే దాకా ఆయన కాగితం మీద ఆరోగ్యవంతుడే.

అందుకే డబ్బు రీడింగుకు కాదు, ఏడాది పొడవునా రోగిని వదలకుండా పట్టుకున్నందుకు ఇవ్వాలి. ఒక్కరికి కాదు, నర్సు, మితానిన్‌లతో (ఊరి ఆరోగ్య కార్యకర్తలతో) సహా మొత్తం బృందానికి ఇవ్వాలి. ఆపరేషన్లకు కేసు లెక్కన ప్రోత్సాహకం అసలు ఉండకూడదు. కొలిచే పని ఆ డబ్బు తీసుకునేవాళ్ల చేతిలో ఉండకూడదు. పక్క సెంటర్ సిబ్బంది నెలకు కొన్ని ఇళ్లకు వెళ్లి బీపీ మళ్లీ చూడాలి, మందులు అందాయా అని అడగాలి. రోగి మొండివాడని, తాగుతాడని, కాంట్రాక్టు పని కోసం ఊరూరా తిరుగుతాడని లెక్కలోంచి తీసేసే వీలు ఇవ్వకూడదు. అన్నిటికన్నా ముందు నెల జీతం నెలకు పడాలి. జీతమే అందని ఉద్యోగి ప్రోత్సాహకంతో ఇల్లు గడుపుకోవాల్సి వస్తే రిజిస్టరులో నిజం రాయమని అడిగే నైతిక హక్కు మనకు ఉండదు. దుర్గ్ జిల్లాలో ఒక బ్లాకు ఎంచుకుని, ఇంటింటి తనిఖీతో ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు.