ఖాళీ వదిలిన అంచు

మా ఆపా కొడుకు పదో తరగతి. సైన్సంటే షౌఖ్. మొన్న సెలవులకు వచ్చి, అమ్మీ గాజు అచార్ బర్నీకి లోపలా బయటా అల్యూమినియం ఫాయిల్ అంటించి కెపాసిటర్ చేశాడు. ‘ఫాయిల్ ఎంత ఎక్కువైతే అంత చార్జ్ కదా మామూ’ అంటూ మూతిదాకా తెచ్చేశాడు. పీవీసీ పైపును ఉన్నిగుడ్డతో రుద్ది చార్జ్ ఎక్కిస్తుంటే టప్పున మూతి మీదుగా నిప్పురవ్వ దూకింది. గాజు ఖరాబ్ అని తేల్చేశాడు.

గాజు బేకసూర్. కరెంటు గాజును చీల్చుకుని పోలేదు, దాని ఒంటి మీదుగా పాకింది. మామూలు గాలి మిల్లీమీటరుకు సుమారు 3,000 వోల్టులు ఆపుతుంది. గాజు ఉపరితలం వెంట ఆ భరోసా లేదు. దుమ్ము, తేమ, వేలిముద్రల జిడ్డు, వీటిలో ఏది ఉన్నా అంతకంటే చాలా తక్కువకే దారి దొరుకుతుంది. ఫాయిల్ పదునైన అంచు దగ్గరైతే మరీను. ముందు సన్నగా బుస్సుమంటుంది, తర్వాత రవ్వ.

1740ల నాటి లైడెన్ జాడీ తర్వాత వచ్చిన పనివాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. పైభాగం గాజును ఖాళీగా వదిలి, తేమ పట్టకుండా లక్క వార్నిష్ పూసేవారు. మావాడికి ఆ ఖాళీ జాగా దండగ అనిపించింది. నన్నడిగితే అసలు పని చేసేది అదే. టేపు చుట్టేస్తే సరిపోతుందనే వాళ్ల మాట నేనొప్పుకోను. టేపు కింద చిక్కిన గాలిబుడగలోనే మళ్లీ రవ్వ మొదలవుతుంది. ప్లాస్టిక్ షీటుతో చుట్టే కెపాసిటర్‌కైనా షీటు ఫాయిల్ కంటే బాగా వెడల్పుండాలి. ఆ చుట్టను మినరల్ ఆయిల్‌లో ముంచి, బుడగలన్నీ పోయేదాకా సబర్ చేయాలి.

నాలుగు వేళ్ల మేర ఫాయిల్ ఒలిచాం, లోపలా బయటా. మూలలు గుండ్రంగా కత్తిరించి, గాజును స్పిరిట్‌తో తుడిచి ఆరబెట్టాం. ఈసారి చార్జ్ నిలిచింది. ఖతరా కూడా అక్కడే మొదలైంది. ఇంతకుముందు రవ్వగా పోయింది ఇప్పుడు లోపలే కూర్చుంది. దూల్హాభాయ్ ఇవన్నీ బంద్ చేయమన్నారు. పైపూ బర్నీ వరకు ఇజాజత్ ఇవ్వమన్నాను నేను. ఇంటి కరెంటు, పాత మైక్రోవేవ్ ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం హర్గిజ్ కాదు. 10 నానోఫారడ్‌లను 20,000 వోల్టులకు ఎక్కిస్తే 2 జూల్స్ అవుతుంది. అది ఆట కాదు, ఆ లెక్క పెరిగేకొద్దీ ప్రాణాంతకం.

ఒకసారి ఖాళీ చేశాక కూడా గాజులో కొంత చార్జ్ మిగిలి, కాసేపటికి మళ్లీ పైకి తేలుతుంది. అందుకే లోపలి ఫాయిల్‌కూ బయటి ఫాయిల్‌కూ రాగితీగ కలిపి బర్నీని అల్మారా మీద పెట్టాం. అమ్మీ రోజూ అడుగుతోంది, నా బర్నీ ఎప్పుడిస్తారని.