టీవీ నాన్న మీద క్రష్‌... చెప్పుకొంటే తప్పా?

ఉద్యోగంలో చేరిన మొదటి వారం. ఇండక్షన్‌ ట్రైనింగ్‌లో పదిహేను మందిమి గుండ్రంగా కూర్చున్నాం. అందరికీ కాస్త చనువు పెరగాలని హెచ్‌ఆర్‌ మేడమ్‌ ఓ ఆట పెట్టారు. పేరు, ఊరు, చదివిన కాలేజీ చెప్పాలి. చివర్లో ఓ ప్రశ్న: ‘మీ సెలబ్రిటీ క్రష్‌ ఎవరు?’ ఒకతను సమంత అన్నాడు, ఇంకొకతను కాజల్‌. ఓ అమ్మాయి మహేశ్‌బాబు అనగానే చప్పట్లు మోగాయి. నా వంతు వచ్చింది. అరచేతుల్లో చెమట. నోటికొచ్చిన ఓ హీరోయిన్‌ పేరు చెప్పేసి కూర్చున్నా.

అది అబద్ధం. నిజం చెప్పాలంటే ఆ పేరు కైల్‌ చాండ్లర్‌. ‘ఫ్రైడే నైట్‌ లైట్స్‌’ అనే అమెరికన్‌ సీరియల్‌లో ఫుట్‌బాల్‌ కోచ్‌గా, ఓ టీనేజీ అమ్మాయి తండ్రిగా వేసిన నటుడు. ఆయనకి నలభై దాటాయి. నాకు ఇరవై మూడు. నేను గే.

ఆ ఒక్క అబద్ధాన్ని ఎన్నేళ్లు మోశానో చెబితే నవ్వుతారు. ఆ హీరోయిన్‌ సినిమా రిలీజైతే చాలు, టీమ్‌లో వాళ్లు నాకూ ఓ టికెట్‌ బుక్‌ చేసేవాళ్లు. ఓ పుట్టినరోజుకి ఆమె ఫొటో ముద్రించిన కేకు తెచ్చారు. ఆమె పెళ్లయినప్పుడు ఓదార్చడానికి బిర్యానీ పార్టీ ఇచ్చారు. అందరూ మంచివాళ్లే. ఆ మంచితనం చూసినప్పుడల్లా నాకు ఇంకా ఇబ్బందిగా ఉండేది. వాళ్లు ప్రేమిస్తున్నది నన్ను కాదు, నేను తయారుచేసిన ఇంకెవరినో కదా అనిపించేది.

నాలాంటి వాళ్లు మీ క్లాసులో ఉండొచ్చు, మీ పక్క క్యూబికల్‌లో ఉండొచ్చు. ఇది చదువుతున్న మీరే కావొచ్చు. అందుకే ఈ మాటలు.

నాన్నలే ఎందుకు?

ముందు ఓ అపోహ తీసేద్దాం. మన ఇళ్లలో ‘డాడీ’ అంటే కన్నతండ్రి. అంతే. పాశ్చాత్య దేశాల గేల వాడుకలో ఆ మాటకి ఇంకో అర్థం ఉంది. వయసులో కాస్త పెద్దవాడు, నిలకడైనవాడు, ఆకర్షణీయమైన మగవాడు అని. ‘ద మాండలోరియన్‌’, ‘ద లాస్ట్‌ ఆఫ్‌ అస్‌’ సిరీస్‌లలో ఓ పసివాణ్ని, ఓ అమ్మాయిని కాపాడే తండ్రిలాంటి పాత్రలు వేసిన పెడ్రో పాస్కల్‌ని ఇంటర్నెట్‌ అంతా ‘డాడీ’ అని పిలిచింది ఆ అర్థంలోనే. దీనికీ సొంత తండ్రికీ ఏ సంబంధమూ లేదు. నడి వయసు నటుడు ఓ వయోజనుడి మనసుకి నచ్చాడు. విషయం అంతే.

ఈ అభిమానం ఇప్పటిదీ కాదు. 1970ల్లో ‘లిటిల్‌ హౌస్‌ ఆన్‌ ద ప్రైరీ’లో రైతు తండ్రిగా మైకేల్‌ లాండన్‌. 1980ల్లో ‘గ్రోయింగ్‌ పెయిన్స్‌’లో అలన్‌ థిక్‌. 2016 నుంచి 2022 దాకా ‘దిస్‌ ఈజ్‌ అస్‌’లో మైలో వెంటిమిగ్లియా. ఏ తరం గేలని కదిపినా వాళ్ల జాబితాలో ఇలాంటి పేరు ఒకటైనా తగులుతుంది.

కారణం ఊహించడం కష్టం కాదు. అమెరికన్‌ టీవీలో చాలాకాలం మగవాడంటే పోలీసు, కౌబాయ్‌, గూఢచారి. తుపాకీ పట్టుకోవాలి, పళ్లు కొరకాలి. మెత్తగా మాట్లాడి, తప్పు చేస్తే క్షమాపణ అడిగి, కుర్చీ లాక్కుని కూర్చుని ఎదుటివాళ్ల మాట చివరిదాకా వినే మగవాడు కనిపించేది ఎక్కువగా ఫ్యామిలీ సీరియల్‌లోనే. ‘మగాడివై ఉండి ఇదేంటి’ అనే మాట వింటూ పెరిగినవాడికి, ఆ నెమ్మది ఎంత అందంగా కనిపిస్తుందో చెప్పాలా? అమ్మాయిలకూ అలాంటి పాత్రలే నచ్చుతాయి. వాళ్లు చెబితే ముచ్చట. మేం చెబితే మాత్రం ఏదో రోగానికి కారణం వెతుకుతారు.

ఆ పాత సిద్ధాంతం

అవును, ఆ మాట మీరూ వినే ఉంటారు. ‘తండ్రి ప్రేమ దొరక్కే ఇలా అయ్యాడు’ అని. దీనికి పెద్ద చరిత్రే ఉంది. 1962లో అమెరికా మానసిక విశ్లేషకుడు అర్వింగ్‌ బీబర్‌, ఆయన సహచరులు ఓ పుస్తకం రాశారు. తండ్రి దూరంగా ఉండటం, తల్లి మరీ దగ్గరగా ఉండటం వల్ల కొడుకులు ఇలా తయారవుతారన్నది వాళ్ల వాదన. వాళ్లు చూసింది ఎవర్ని? మానసిక చికిత్సకు వచ్చినవాళ్లని. ఆస్పత్రికి వచ్చినవాళ్లను మాత్రమే చూసి ఊరందరికీ జ్వరమే అన్నట్టుంది కదూ! 1973లో అమెరికన్‌ సైకియాట్రిక్‌ అసోసియేషన్‌ స్వలింగ ఆకర్షణను మానసిక రుగ్మతల జాబితాలోంచి తీసేసింది. 1990లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే చేసింది. 2018లో ఇండియన్‌ సైకియాట్రిక్‌ సొసైటీ కూడా ఇది జబ్బు కాదని స్పష్టంగా చెప్పింది.

మా నాన్న సంగతి చెప్పనా? సైకిల్‌ మీద నన్ను ముందు కూర్చోబెట్టుకుని బడికి దింపిన మనిషి. నేను ఇంజినీరింగ్‌లో ఓ సబ్జెక్టు తప్పితే, ‘ఇంకోసారి రాద్దువులేరా’ అని మిరపకాయ బజ్జీలు తినిపించిన మనిషి. నాకు తండ్రి ప్రేమ లోటు లేదు. అయినా నాకు కోచ్‌ టేలరే నచ్చాడు. కొందరు గేలకి నాన్నతో పడకపోవచ్చు. నాన్నతో పడని మగపిల్లలు కోట్లలో ఉన్నారు, వాళ్లంతా గేలు కాలేదు.

క్రష్‌ ఏం చెబుతోంది?

మరి దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి? 1956లో డొనాల్డ్‌ హార్టన్‌, రిచర్డ్‌ వోల్‌ అనే ఇద్దరు పరిశోధకులు ఓ మాట వాడారు, ‘పారాసోషల్‌’ అని. తెర మీద రోజూ కనిపించే మనిషి మనకి తెలిసినవాడిలా, స్నేహితుడిలా అనిపించడం. మనం అతన్ని ఎరుగుదుం, అతను మనల్ని ఎరగడు. ఇది గేలకే కాదు, సీరియల్‌లో కోడలి కష్టానికి కన్నీళ్లు పెట్టుకునే మన అమ్మమ్మలకూ వర్తిస్తుంది.

ఆ బంధం ఒకవైపుదే. అయినా మీ గురించి మీకో సమాచారం ఇస్తుంది. నాకే చూడండి. ‘ఫ్రైడే నైట్‌ లైట్స్‌’ చివర్లో కోచ్‌కి పెద్ద అవకాశం వస్తుంది. అదే సమయంలో భార్యకి ఫిలడెల్ఫియాలోని ఓ కాలేజీలో మంచి ఉద్యోగం వస్తుంది. ఇన్నేళ్లూ తన ఉద్యోగం కోసం ఆమె సర్దుకుంది. ఈసారి అతను తన అవకాశాన్ని వదులుకుని ఆమె వెంట టెక్సస్‌ విడిచి వెళ్తాడు. ఆ ఘట్టం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. కొన్నేళ్ల తర్వాత నాకు అర్థమైంది. నాకు నచ్చింది ఆ టోపీ, ఆ గడ్డం కింద గీతలు ఒక్కటే కాదు. నా కెరియర్‌ని తన కెరియర్‌తో సమానంగా చూసే తోడు నాకు కావాలి. అప్పటిదాకా ఆ సంగతి నాకే తెలియదు.

మీరూ ఓసారి అడిగి చూసుకోండి. ఆ నటుడిలో ఏది నచ్చింది? ఓపికా? హాస్యమా? మాట మీద నిలబడటమా? జవాబు రాసుకోండి. మీకు కావాల్సిన మనిషి లక్షణాలు అందులో ఉంటాయి. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. ఆ లక్షణాల్ని ఓ రచయితల బృందం కూర్చుని రాసింది. మీకు ఎదురయ్యే మనిషికి స్క్రిప్టు ఉండదు. టీవీ నాన్నతో పోల్చి నిజం మనుషుల్ని తీసిపారేస్తే మీరే ఒంటరి అవుతారు.

ఇద్దరు నాన్నలు, రెండు దారులు

తెరకీ, మనిషికీ మధ్య దూరం ఎంతుంటుందో తెలియాలంటే రాబర్ట్‌ రీడ్‌ కథ వినాలి. 1969 సెప్టెంబరులో అమెరికాలో ‘ద బ్రేడీ బంచ్‌’ మొదలైంది. ముగ్గురు కొడుకులున్న ఆర్కిటెక్ట్‌, ముగ్గురు కూతుళ్లున్న మహిళను పెళ్లి చేసుకుంటాడు. ఆ ఆరుగురి తండ్రి మైక్‌ బ్రేడీగా రీడ్‌ ఐదు సీజన్లు నటించారు. అమెరికాకి ఆదర్శ తండ్రి ఆయనే అయ్యారు. ఆ ఆదర్శ తండ్రి గే. బతికున్నంత కాలం బహిరంగంగా చెప్పలేదు. ఆ రోజుల్లో ఆ సంగతి బయటపడితే ఆ పాత్రా ఉండదు, ఆ కెరియరూ ఉండదు. 1992 మే నెలలో, 59 ఏళ్ల వయసులో, లాస్‌ఏంజెలెస్‌ పక్కనున్న పాసడీనాలో ఆయన చనిపోయారు. ఆ తర్వాత పత్రికల్లో వచ్చిన వార్తల వల్లే ప్రపంచానికి తెలిసింది. ఆయన్ని చూసి మనసు పారేసుకున్న గేలు ఎందరో. తమలాంటివాడే తెర మీద ఉన్నాడని వాళ్లకి తెలియదు. తనలాంటివాళ్లే తనను చూస్తున్నారని పైకి అనే వీలు ఆయనకి లేదు.

అదే 1969లో ఇంకో టీవీ నాన్న వచ్చాడు. ‘బివిచ్డ్‌’ సీరియల్‌లో మంత్రాలు తెలిసిన భార్యతో వేగే డారిన్‌ పాత్ర. వెన్నునొప్పితో డిక్‌ యార్క్‌ తప్పుకొంటే ఆ స్థానంలో డిక్‌ సార్జెంట్‌ వచ్చారు. ఆయనా గే. దశాబ్దాలు దాచారు. 1991 అక్టోబరులో బయటికి వచ్చి చెప్పేశారు. గే యువత ఆత్మహత్యలు తనను కలచివేశాయన్నారు. 1992 జూన్‌లో లాస్‌ఏంజెలెస్‌ ప్రైడ్‌ ఊరేగింపులో ఆయన ముందు నిలిచారు. పక్కన ఎవరో తెలుసా? ‘బివిచ్డ్‌’లో ఆయన భార్యగా నటించిన ఎలిజబెత్‌ మాంట్‌గోమరీ. రీడ్‌ పోయి అప్పటికి నెలే అయింది.

ఆ ఇద్దరిలో ఒకరు పిరికి, ఒకరు ధీరుడు అని తీర్పు చెప్పకండి. ఇద్దరినీ భయపెట్టింది ఒకే పరిశ్రమ. ఒకరికి పక్కన నిలబడే సహోద్యోగి వీధిలోకి వచ్చేంత సమయం దొరికింది. ఇంకొకరికి దొరకలేదు. 2009లో మొదలైన ‘మోడర్న్‌ ఫ్యామిలీ’లో జెస్సీ టైలర్‌ ఫెర్గూసన్‌ అనే గే నటుడు గే తండ్రి పాత్రనే వేశారు. 11 సీజన్లు ఏమీ దాచకుండా పనిచేశారు. వరసగా ఐదేళ్లు ఎమ్మీ నామినేషన్లు అందుకున్నారు. మధ్యలో నలభై ఏళ్లు పట్టింది.

మన ఆఫీసు మాట

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పుతో వయోజనుల మధ్య పరస్పర అంగీకారంతో ఉండే స్వలింగ సంబంధం నేరం కాకుండా పోయింది. 2023 అక్టోబరులో స్వలింగ వివాహాలకు గుర్తింపు ఇవ్వడానికి మాత్రం కోర్టు ఒప్పుకోలేదు. చాలా పెద్ద కంపెనీల నియమావళిలో లైంగికత ఆధారంగా వివక్ష చూపొద్దన్న మాట ఉంటోంది. ఆఫర్‌ లెటర్‌తో వచ్చే ఆ పీడీఎఫ్‌ని ఎవరూ చదవరు. మీరు చదవండి. ఆరోగ్య బీమాలో ‘పార్టనర్‌’ అనే మాటకి అర్థం ఏం రాశారో చూడండి. ఆ కంపెనీ సంగతి సగం అక్కడే తెలుస్తుంది.

చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. జీతం మీద ఇల్లు గడుస్తుంటే, అద్దె ఇంటి ఓనరు సంగతి తెలియకపోతే, ఇంట్లో పెళ్లి సంబంధాలు చూస్తుంటే, అవన్నీ ఆలోచించుకున్నాకే. అందరికీ ఒకేరోజు ప్రకటించాల్సిన పనిలేదు. నమ్మకమైన ఒక్కరితో మొదలుపెట్టండి. మనసు బరువెక్కితే ప్రభుత్వ టెలి మానస్‌ 14416కి ఫోన్‌ చేయండి. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. ‘నయం చేస్తాం’ అనే డాక్టరు దొరికితే మాత్రం అక్కణ్నుంచి లేచి వచ్చేయండి. అలాంటి ‘మార్పిడి చికిత్స’ వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్‌ 2022లోనే తేల్చింది.

మీరు గే కాకపోతే మీకూ ఓ పని ఉంది. పక్కవాడు హీరో పేరు చెబితే కనుబొమలు ఎగరేయకండి. ‘ఏ సినిమాలో?’ అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో ఒక మనిషికి కొన్నేళ్ల బరువు తగ్గొచ్చు.

ఈమధ్య మా ఆఫీసులో కొత్త బ్యాచ్‌ వచ్చింది. టీమ్‌ లీడ్‌గా నన్నూ ఆ గుండ్రంలో కూర్చోబెట్టారు. మళ్లీ అదే ఆట, అదే ప్రశ్న. నా వంతు రాగానే ‘కైల్‌ చాండ్లర్‌’ అన్నాను. ఓ రెండు క్షణాలు నిశ్శబ్దం. తర్వాత ఒకమ్మాయి, ‘ఎవరండీ ఆయన?’ అంది. చెప్పాను. ఆట ముందుకి సాగింది. భూమి బద్దలు కాలేదు.

సాయంత్రం కాఫీ మెషీన్‌ దగ్గర ఓ ఫ్రెషర్‌ వచ్చి నిలబడ్డాడు. కప్పులో చూస్తూ చిన్నగా అన్నాడు, ‘నాది పెడ్రో పాస్కల్‌ అన్నా.’ పొద్దున ఆ గుండ్రంలో అతను చెప్పింది ఓ హీరోయిన్‌ పేరు.

‘సరేలే తమ్ముడూ. ఆమె సినిమా టికెట్లు నీకు బుక్‌ చేయకుండా నేను చూసుకుంటా’ అన్నాను.